మూడు దోసిళ్ల దీక్ష

ఉద్యోగ జ్ఞాపకాలు రాయడానికి నా వయసు చాలదు. నాకు ముప్పై రెండు. కాని వదిలేసిన ఉద్యోగంలోకి ఇక మళ్లీ వెళ్లను కనుక, ఆ మేరకు నేనూ రిటైరైనవాణ్నే. పలాస దగ్గర ఒక డయాలసిస్ కేంద్రంలో ఆరేళ్లు టెక్నీషియన్‌గా పనిచేశాను. ఇప్పుడు టెక్కలిలో ఉంటూ చుట్టుపక్కల ఊళ్లలో మంచినీళ్ల ప్లాంట్లు బాగుచేస్తున్నాను. మోటార్లు, ఫిల్టర్లు, పైపులు. వీటి దగ్గర తప్పు జరిగితే నీళ్లు ఉప్పగా వస్తాయి, అంతే.

డయాలసిస్ కోర్సు చదువుతున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి అడుగుతుంటారు. "అన్నా, మిషన్ సంగతి పుస్తకాల్లో ఉంది. పేషెంట్ల గురించి ఏదైనా చెప్పు" అని. ఫోన్లో చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను. పేర్లు రాయను. మా గదిలో పేర్ల వాడకం తక్కువే. మిషన్ నంబరే మనిషి పేరు.

గదిలో ఐదు మిషన్లు. నేను చెప్పబోయేది మంగళ, గురు, శనివారాల్లో పదకొండు గంటలకు మొదలై మూడింటికి ముగిసే షిఫ్టు సంగతి. ఒకటో మిషన్ మీద రిటైరైన టీచరమ్మ. బాప్టిస్టు చర్చి వాళ్ల బడిలో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పారు. రెండో మిషన్ మీద ఒక ముసలాయన. సూదులు గుచ్చగానే కళ్లు మూసుకునేవాడు, తీసేటప్పుడు తెరిచేవాడు. మూడో మిషన్ మావ. పూండి అవతల సముద్రం వైపు ఊరు, కొబ్బరి రైతు. నాలుగో మిషన్ అప్ప (మా వైపు అక్కను అప్ప అంటాం) జీడిపప్పు కార్ఖానాలో పనిచేసి మానేసింది. గింజల నూనె మరక ఆవిడ వేళ్ల మీద ఇంకా నల్లగా ఉండేది. ఐదో మిషన్ మీద పలాసలో ఆటో నడిపే అతను. చిన్నా పెద్దా తేడా లేకుండా అందరినీ బావా అనే పిలిచేవాడు కాబట్టి అందరికీ అతనే బావ.

చదువుతున్న పిల్లలకు తెలిసిన విషయమే అయినా మిగతావాళ్ల కోసం ఒక్క సంగతి చెప్పాలి. కిడ్నీలు పనిచేయని మనిషి తాగిన నీరు ఒంట్లోనే ఉండిపోతుంది. ఆ అదనపు నీరు లేనప్పటి బరువును డ్రై వెయిట్ అంటాం. పేషెంటు రాగానే బరువు చూసి, దాంట్లోంచి డ్రై వెయిట్ తీసేసి, మిగిలినంత నీటిని మిషన్‌తో లాగుతాం. అందుకే తాగే నీళ్లకు కొలత. ఉద్దానంలో పుట్టి, చుట్టూ కొబ్బరితోట పెట్టుకుని, బొండం ముట్టకూడదు.

మిషన్ ఎక్కించే ముందు నేను చేయవలసినవి నాలుగు. ఒకటి, బరువు. రెండు, బీపీ. మూడు, కాళ్లు వేలితో నొక్కి వాపు చూడటం. నాలుగు, పడుకుంటే ఆయాసం వస్తోందా అని అడగటం. ఈ నాలుగూ ఒక అట్ట మీద రాసి గోడకు అంటించింది నేనే. మా సీనియర్ హరిశ్చంద్రపురం నుంచి పాసింజర్‌లో వచ్చేవాడు. ఆ అట్ట చూసి, "బాగానే ఉన్నాది. అయిదోది రాయలేదేటి?" అన్నాడు.

"అయిదోది ఏంటి సార్?"

"నీళ్లు తాగినోణ్ని తిట్టకూడదని. తిడితే తాగడం మానడు తమ్ముడా, సెప్పడం మానేత్తాడు."

నేను నవ్వాను. కొలిచే వీల్లేనిదాన్ని నేను అట్ట మీద రాయను.

ఇక పుస్తకం. చదువుకునే రోజుల నుంచీ నాకు కోటలు, మంత్రాలు, లేని రాజ్యాల పటాలు ఉండే నవలల పిచ్చి. విశాఖపట్నంలో పుస్తకాల ప్రదర్శనలో ఒక లావు నవల కొన్నాను. అందరినీ ఎక్కించేశాక, బీపీలు చూడటానికి మధ్య దొరికే సమయంలో చదివేవాణ్ని. ఒకరోజు టీచరమ్మ చూశారు.

"ఏం పుస్తకం బాబూ అది?"

"నవల అమ్మా. మంత్రవిద్య నేర్చుకునే శిష్యుల కథ."

"మంత్రాలా!" అని ఒక్క క్షణం ఆలోచించి, "ఏదీ, ఇలాగియ్యి. పాస్టరు గారికి చెప్పకు" అన్నారు.

ఆవిడ ఎడమ చేతికి సూదులు. దిండు మీద పుస్తకం ఆనించి కుడిచేత్తో పేజీలు తిప్పుతూ, మొదట మనసులో, తర్వాత బడి అలవాటు కొద్దీ పైకే చదవడం మొదలుపెట్టారు. గొంతు పెద్దది కాదు గానీ మాట స్పష్టం. పావుగంటకల్లా గదిలో సెల్‌ఫోన్ల చప్పుడు ఆగిపోయింది.

కథ ఇది. ఒక రాజ్యంలో నదులన్నీ ఎండిపోతాయి. ఉప్పు సముద్రం మధ్య ఒక కోట. అందులో ఒక ముసలి గురువు పన్నెండు మంది శిష్యులకు నీటిని పిలిచే మంత్రం నేర్పుతుంటాడు. మంత్రం పలకాలంటే ముందు దీక్ష. నూరు రోజులు, రోజుకు మూడు దోసిళ్ల నీళ్లు మాత్రమే తాగాలి. నాలుగో దోసిలి తాగినవాడు పడవెక్కి వెళ్లిపోవాలి.

అక్కడికి వచ్చేసరికి టీచరమ్మ ఆగిపోయారు. కళ్లజోడు మీదుగా గదంతా చూశారు. ముందు బావే నవ్వాడు.

"ఇదేటి పెద్ద మంత్రమా? మనం సేత్తన్నదదే గదా!"

"నూరు రోజులేనేటి?" అంది అప్ప. "నాకు నాలుగేళ్లయినాది. ఏ మంత్రమూ రాలేదు."

మూడో మిషన్ మావ మాత్రం నవ్వలేదు. "అల్లుడూ, దోసిలంటే ఎంత? ఎమ్మెల్లలో సెప్పు" అన్నాడు.

మిషన్ దిగాక, కొలజాడీతో పోసి చూశాను. మావ దోసిలి నూట ఎనభై. మూడు కలిపితే ఐదు వందల నలభై. మేం ఆయనకు రోజుకు రాసిచ్చింది ఏడు వందలు. ఆయన చేతుల్లోని నీళ్లను కాసేపు చూసి, జాగ్రత్తగా జాడీలోకి వంపేశాడు. "అయితే ఆళ్ల కన్నా నాకే ఎక్కువిత్తన్నారన్నమాట" అన్నాడు.

ఆ రోజు నుంచి నేను ఒక నోట్‌బుక్ పెట్టాను. పాఠకుల స్పందనలు అని అట్ట మీద రాశాను. అందులోంచి కొన్ని:

అధ్యాయం 2, కోట వర్ణన. మూడో మిషన్: "సుట్టూ ఉప్పునీరు, ఇసక. కొబ్బరేసుకోవాల గదా ఎర్రోళ్లు. నూరు రోజులకి కాకపోయినా, ఆరేళ్లకి బొండాలుండును."

అధ్యాయం 5, కోట గుమ్మాన్ని చుట్టుకుని పడుకున్న రాతిపాము. ఐదో మిషన్: "పలాస టేసన్ల నిలబడిపోయిన గూడ్సుబండంత ఉంటాదేటి టీచరమ్మా?"

అధ్యాయం 7, ఒక శిష్యుడు మంత్రంతో గింజల పొట్టు ఊడదీస్తాడు. నాలుగో మిషన్: "ఆ గుంటణ్ని మా కార్ఖానాకి పంపించమను. నా సేతి ఏళ్లు మిగులును."

ప్రతి అధ్యాయం కిందా ఒకే మాట ఉండేది. రెండో మిషన్: నిద్ర.

మావకు ఆ పన్నెండు మందిలో కుమ్మరి ఇంటి నుంచి వచ్చిన చిన్న శిష్యుడంటే ఇష్టం. ఒక్క మంత్రమూ సరిగ్గా రాదు వాడికి. అందరూ ఎగతాళి చేస్తారు. "ఆ కుమ్మరోడి కుర్రడేడీ? ఇయ్యాల ఆడున్నాడా?" అని రాగానే అడిగేవాడు.

ఎండలు ముదిరాయి. అందరి బరువులూ పెరగడం మొదలైంది. నీళ్ల గురించి చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టేది. అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన వచ్చినందుకు ఆ రోజు చాలా సంతోషపడ్డాను కూడా.

"ఇకనుంచి ఒక రూలు" అని గది మధ్య నిలబడి చెప్పాను. "ఐదుగురిలో ఏ ఒక్కరికైనా డ్రై వెయిట్ మీద రెండు కిలోలు దాటిందంటే ఆ రోజు పుస్తకం తెరవం."

"ఓలమ్మో, గురువుగారొచ్చీసినారు" అన్నాడు బావ.

టీచరమ్మ మాత్రం నన్ను దగ్గరికి పిలిచారు. "బళ్లో నేనూ ఇలాగే చేసేదాన్ని బాబూ. ఒకడి తప్పుకి క్లాసంతా నిలబెట్టేదాన్ని. ఆ ఒక్కొక్కడి మొహమూ నాకింకా కనిపిస్తుంది" అన్నారు. నేను విన్నాను గానీ పట్టించుకోలేదు.

ఎందుకు పట్టించుకోవాలి? రూలు పనిచేసింది. మూడు వారాలపాటు ఎవరికీ రెండు దాటలేదు. నేను ఐదు రంగుల గీతలతో గ్రాఫ్ గీశాను. నెలకోసారి వచ్చే డాక్టరు గారు దాన్ని చూసి భుజం తట్టారు. సీనియర్ చూసి "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ" నాకు అసూయలా వినిపించింది.

ఆ మంగళవారం కథ మంచి పట్టులో ఆగింది. దీక్ష అరవై మూడో రోజున కుమ్మరి శిష్యుడు గుర్రాల తొట్టిలోని నీళ్లు దొంగతనంగా తాగేస్తాడు. ఒక దోసిలి కాదు, మూతి ముంచి తాగుతాడు. గదిలో పెద్ద తగువు మొదలైంది.

"పంపీయాల్సిందే. రూలు రూలే" అన్నాడు బావ.

"దాహమేసింది, తాగినాడు. సంపేత్తారేటి?" అంది అప్ప.

"ఆడెల్లి సెప్పుకుంటాడో లేదో ముందల అది సూడండి" అన్నాడు మావ.

గురువారం మావ బరువు చూసే మిషన్ ఎక్కాడు. యాభై ఆరు పాయింట్ ఒకటి. ఆయన డ్రై వెయిట్ యాభై రెండు. మంగళవారం దిగినప్పుడు యాభై రెండు పాయింట్ ఒకటి. రెండు రోజుల్లో నాలుగు కిలోలు.

"ఏంటి మావా ఇది?"

మావ తల దించుకున్నాడు. "తుఫాను తరవాత ఏసిన సెట్లు అల్లుడూ. ఇయ్యేడే తొలికాపు. నానే గోతులు తీసినాను, నానే నీరోసినాను. ఎలాగుంతాదో సూద్దారని ఒక్కటి కొట్టినాను."

"ఒక్కటేనా?"

"మూడు. ఆ తరవాత దాహం ఆగలేదు" అన్నాడు.

బొండం నీళ్లు ఆయన గుండెకు ఎంత ప్రమాదమో అందరూ వినేలా చెప్పాను. గట్టిగానే చెప్పాను. తర్వాత టీచరమ్మ దిండు మీంచి పుస్తకం తీసుకుని బీరువాలో పెట్టేశాను. అప్ప పమిట చెంగుతో మొహం కప్పుకుంది. బావ ఊరుకోలేదు. "నీ బొండాల రుసికి మా కథ గొంతు కోసీసినావు గదా మావా! ఇంట్ల అందరికీ సెప్పొచ్చినాను, ఇయ్యాల ఆడి సంగతి తేలిపోద్దని" అన్నాడు.

ఆ నాలుగు గంటలూ గదిలో మిషన్ల చప్పుడు, ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేవు. మావ పైకప్పు చూస్తూ పడుకున్నాడు. నాలుగు కిలోలూ ఒకేసారి లాగితే కండరాలు పట్టేస్తాయి, బీపీ పడిపోతుంది. దాదాపు మూడు లీటర్లు లాగి ఆపాను. దిగేసరికి యాభై మూడు పాయింట్ రెండు. ఫైల్లో రాశాను.

శనివారం.

బరువు చూసే మిషన్ నడవలో, కిటికీ పక్కన ఉండేది. కిటికీకి నడుమెత్తున సిమెంటు దిమ్మ. మావ ఎక్కాడు. వెనకే అప్ప, చేతిలో సంచీతో, ఆయనకూ నాకూ మధ్య ఓరగా నిలబడి ఉంది. నేను వంగి అంకె చూశాను. యాభై నాలుగు.

"శభాష్ మావా! సరిగ్గా రెండు!" అన్నాను. లోపలి నుంచి బావ చప్పట్లు కొట్టాడు. "అదీ మా మావంటే!"

ఈ అంకెల్ని ఇంకోసారి చూడండి. గురువారం దిగినప్పుడు 53.2. శనివారం ఎక్కేటప్పుడు 54. రెండు రోజులు, మండే ఎండలు, ఎనిమిది వందల గ్రాములు. ఆ మనిషికి అది ఏనాడూ జరగలేదు. రెండు అంకెలూ ఒకే కాగితం మీద, ఒకదాని కింద ఒకటి, నా చేతిరాతలోనే ఉన్నాయి. నేను చూసింది డ్రై వెయిట్‌తో తేడా ఒక్కటే. నా రూలుకు కావలసిన అంకె అదే కాబట్టి.

బీపీ ఎక్కువే ఉంది. ఆయనకు ఎప్పుడూ ఎక్కువే. మూడోది, కాళ్లు. మావ అప్పటికే పాదాల మీదుగా దుప్పటి లాక్కుని పడుకున్నాడు. టీచరమ్మ కళ్లజోడు పెట్టుకుని పేజీ తీసి ఉంచారు. అందరూ నాకేసి చూస్తున్నారు. నేను దుప్పటి ఎత్తలేదు. నాలుగోది అడిగాను.

"ఆయాసం ఏమైనా ఉందా మావా?"

"లేదల్లుడూ. నువ్వు కథ మొదలెట్టించు."

రెండు లీటర్లకు మిషన్ అమర్చాను.

ఆ రోజు చదివిన అధ్యాయంలో తొట్టిలో నీరు తగ్గిందని కోటలో తెలిసిపోతుంది. శిష్యులు ఒకరినొకరు అనుమానించుకుంటారు. రేవులో పడవ సిద్ధం చేస్తారు. కుమ్మరి శిష్యుడు రోజంతా తిరిగి తిరిగి, చివరికి గురువు గది ముందుకొచ్చి, తలుపు తట్టడానికి చెయ్యెత్తుతాడు. అధ్యాయం అయిపోయింది. టైమూ అయిపోయింది. బావ "ఛీ! ఇప్పుడేనా ఆపడం!" అని తిట్టుకున్నాడు.

సూదులు తీశాక ఆ చోట పది నిమిషాలు దూది పెట్టి నొక్కి పట్టాలి. ఆ పది నిమిషాలూ పేషెంటు మొహం మన మొహానికి మూరెడు దూరంలో ఉంటుంది. కోర్సులో ఇది చెప్పరు. ఈ పనిలో మాటలన్నీ అక్కడే జరుగుతాయి.

"అల్లుడూ, నువ్వు ముందే సదివీసుంటావు గదా. ఆడు సెప్తాడా?"

"మంగళవారం తెలుస్తుంది మావా."

"సెప్తే ఆ ముసిలోడు ఏటి సేత్తాడు? పడవెక్కించేత్తాడేటి?"

నేను ఆ పుస్తకం అప్పటికి రెండుసార్లు చదివాను. గురువు ఏం చేస్తాడో నాకు తెలుసు. ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. కాని కథ పట్టు సడలిపోతే మంగళవారం దాకా బరువులు ఎవరు అదుపులో ఉంచుకుంటారు? నవ్వుతూ, "ఇలాగే రెండు కిలోల్లోపు ఉంచు. మంగళవారం వినేద్దువు గాని" అన్నాను.

మావ నా మొహంలోకి కాసేపు చూశాడు. పెదాలు కదిలాయి. "సర్లే" అన్నాడు. దిగాక మళ్లీ బరువు చూశాం. యాభై రెండు. కిటికీ అక్కడే ఉంది.

శనివారానికీ మంగళవారానికీ మధ్య రెండు పూర్తి రోజులు. డయాలసిస్‌లో వారంలోకెల్లా ఎక్కువ ఎడం అదే. నా లెక్కలో ఒంట్లో ముందే సుమారు రెండున్నర లీటర్లు మిగిలిపోయి ఉన్న మనిషికి ఆ ఎడం ఎలా గడుస్తుందో పిల్లలకు విడమరచి చెప్పనక్కర్లేదు.

మంగళవారం పదకొండయినా మావ రాలేదు. సీనియర్ నన్ను నడవలోకి పిలిచాడు. సోమవారం పొద్దున్న ఆయాసం మొదలైందట. మధ్యాహ్నానికి ఎక్కువైతే కారు మాట్లాడుకుని శ్రీకాకుళం బయలుదేరారట. టెక్కలి దాటాక, కోటబొమ్మాళి రాకముందే పోయాడు.

లోపలికి వచ్చి చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు. అప్ప ఒక్కసారిగా తల బాదుకుంది. సూదులున్న చెయ్యి కదలకుండా నేను పట్టుకోవాల్సి వచ్చింది.

"నానే బాబూ! నానే అడ్డంగా నిలబడ్డాను! దిమ్మ మీద సెయ్యి ఆనించి బరువు తగ్గించినాడు. 'ఈ ఒక్క దినం ఊరుకో అప్పా, నా వల్ల మళ్లీ ఆళ్ల కథ ఆగిపోద్ది' అన్నాడు. నాకూ కథ కావాలనిపించినాది బాబూ!"

బావ గోడవైపు తిరిగిపోయాడు. షిఫ్టు అయ్యేదాకా ఇటు తిరగలేదు.

ఆ రోజే ఫైలు తీసి, 53.2, 54 అని ఒకదాని కింద ఒకటి ఉన్న అంకెల్ని చూశాను. దిమ్మ మీద చెయ్యి పెట్టింది మావ. అడ్డం నిలబడింది అప్ప. ఎగతాళి చేసింది బావ. ఆ రూలు పెట్టింది మాత్రం నేను. సీనియర్ దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. దుప్పటి ఎత్తకపోవడం కూడా.

"నన్ను తిట్టండి సార్" అన్నాను.

"తిట్టను" అన్నాడు. "తిడితే నువ్వు ఈ సంగతి ఇంకెవరికీ సెప్పవు."

గోడ మీది అట్ట కింద చోటు మిగిలి ఉంది. అయిదోది అక్కడ రాశాను. ఆలస్యంగా రాసినదాన్ని కూడా కొట్టేయకండి.

గురువారం టీచరమ్మే పుస్తకం అడిగారు. "వద్దమ్మా" అన్నాను. "చదవాలి బాబూ. ఆయన కూడా వినాలనుకున్నాడు కదా" అన్నారు. మూడో మిషన్ ఖాళీగా ఉంది. కొత్త పేషెంటు ఇంకా రాలేదు.

కుమ్మరి శిష్యుడు తలుపు తడతాడు. తాగానని చెబుతాడు. ఎంత తాగాడో కూడా చెబుతాడు. గురువు లేచి, తన కుండలోంచి ఒక చెంబు ముంచి వాడి చేతికిస్తాడు. "నేను నలభయ్యో రోజునే తాగాను" అంటాడు. దీక్ష పూర్తిచేసినవాడు ఈ కోటలో ఇంతవరకూ ఒక్కడూ లేడని, తను వెతుకుతున్నది నీళ్లు తాగనివాణ్ని కాదని, తాగి వచ్చి చెప్పేవాణ్నని అంటాడు.

టీచరమ్మ పుస్తకం మూసి దిండు పక్కన పెట్టారు. అప్ప కళ్లు తుడుచుకుంటోంది. బావ పైకప్పు చూస్తున్నాడు. నోట్‌బుక్ నా జేబులోనే ఉంది. తీయలేదు.

అప్పుడు రెండో మిషన్ ముసలాయన కళ్లు తెరిచాడు. నేను ఆయన గొంతు సరిగ్గా విన్నది అదే మొదటిసారి.

"ఆ ముక్క శనివారమే సదవాల్సినాది" అన్నాడు. మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

ఆయన ఏనాడూ నిద్రపోలేదు. నా నోట్‌బుక్‌లో అన్ని అధ్యాయాల కింద రాసినదీ తప్పే.

ఆ ఆదివారం పూండిలో రైలు దిగి ఆటోలో మావ ఊరు వెళ్లాను. ఇసుక దారి, జీడి మొక్కలు, కొబ్బరితోటలు. ఇంటి ముందు షామియానా ఇంకా విప్పలేదు. మావ భార్య అరుగు మీద కూర్చుని ఉంది. చెప్పకముందే నన్ను పోల్చుకుంది.

"నువ్వేనా అల్లుడివి? రా, కూకో."

చెప్పాలనుకున్నవన్నీ దారిపొడుగునా వరసగా పెట్టుకున్నాను. కాని ముందు ఆవిడే మాట్లాడింది.

"మీ కాడికి రాని రోజుల్ల, ఈ అరుగు మీద కూకొని ఆ కథంతా సెప్పేవోడు. ఈదిలోలందరూ వొచ్చీవోరు. ఆ పామంట, కోటంట. మా ఇంట్ల ఎప్పుడూ అంత నవ్వు లేదు నాయనా. సోమారం పొద్దున్న ఎగపోత ఎక్కువైనాది. మీకు ఫోన్ సేత్తానన్నాను. వొద్దన్నాడు. 'రేపెలాగూ ఎల్తాను గదే. రేపు ఆ కుమ్మరోడి కుర్రడు సెప్తాడు. ఆడు సెప్పినాక నానూ సెప్తాను' అన్నాడు. ఏటి సెప్తావని అడిగితే సెప్పలేదు."

ఆవిడ నాకేసి తిరిగింది.

"ఇంతకీ ఆ కుర్రడు సెప్పినాడా, లేదా?"

"చెప్పాడు అత్తా."

"ఆ గురువు ఏటన్నాడు?"

"తిట్టలేదు. నీళ్లిచ్చాడు."

నేను అప్పుడు మిగతాది చెప్పాను. రూలు సంగతి, దిమ్మ సంగతి, దుప్పటి సంగతి, చివరి పది నిమిషాల సంగతి. ఆవిడ అడ్డు రాకుండా విన్నది. తిట్టలేదు. ఓదార్చనూ లేదు. లేచి పెరట్లోకి వెళ్లింది. కత్తి చప్పుడు వినిపించింది. తిరిగొచ్చి కొట్టిన బొండం నా చేతిలో పెట్టింది.

"తాగు. నాలుగేళ్లయినాది, ఈ ఇంట్ల ఎవులమూ ఆ మనిసి ముందర గలాసు ఎత్తి."

బొండంలో సుమారు నాలుగు వందల ఎమ్మెల్ ఉంటుంది. అలవాటుగా లెక్క వేశాను. ఆవిడ ఎదురుగా నిలబడి, నేను మొత్తం తాగేదాకా చూసింది.

"తియ్యగున్నాదా?" అంది.

"ఉంది అత్తా."

"ఆ దినం మూడూ తాగీసొచ్చి ఆయనా అదే అన్నాడు. తియ్యగున్నాయే అని, సిన్నపిల్లడిలాగ."